నిలబడిన అంకె

నేను కాంటా మీద పనిచేస్తాను. వరంగల్ నుంచి నర్సంపేట పోయే రోడ్డు మీద, ఊరు దాటీ దాటని చోట, లారీ మొత్తంగా ఎక్కి నిలబడే ఇనుప బల్ల ఒకటి ఉంది. దాని పక్కన చిన్న గది, ఆ గదికి ఒక కిటికీ. ఇరవై రెండేళ్లుగా ఆ కిటికీ వెనక కూర్చుని అంకెలు రాస్తున్నాను.

పదో తరగతి తప్పాను, అదీ లెక్కల్లోనే. తప్పిన తర్వాతే లెక్క నేర్చుకున్నాను. నేర్పినవాళ్లు ఎవరూ లేరు. రోజూ వచ్చే లారీల ఖాళీ బరువులు గుర్తుపెట్టుకోవడం, నిండు బరువులోంచి ఖాళీ బరువు నోటితో తీసేయడం, తడి సరుకుకు బరువులో తగ్గించే తేమ కోత కాగితం లేకుండా కట్టడం, ఇవన్నీ పని మధ్యలో దొరికిన సమయంలో నాకు నేనే అలవాటు చేసుకున్నవి. కూడిక కింది నుంచి పైకి ఒకసారి, పైనుంచి కిందికి ఒకసారి చేస్తాను. రెండూ కలిస్తేనే నమ్ముతాను.

బండి బల్ల మీదికి ఎక్కగానే అంకె ఉరుకుతుంది. పన్నెండు వేల నాలుగు వందలు, పన్నెండు వేల ఏడు వందల ఎనభై, మళ్లీ ఆరు వందల ఇరవై. ఇంజను ఆగాలి, డ్రైవర్ దిగాలి, సరుకు సర్దుకోవాలి, గాలి ఉంటే అదీ తగ్గాలి. అప్పుడు అంకె ఒకచోట నిలబడుతుంది. నాకంటే ముందు ఆ గదిలో పనిచేసిన ముసలాయన నాకు చెప్పిన పని మొత్తం రెండు ముక్కల్లో ఉంది: ఉరికే అంకె రాయకు, నిలబడ్డంక రాయి. నేను మనసులో ఐదు లెక్కపెడతాను. ఐదు అనేదాకా అంకె మారకపోతే రాస్తాను. మారితే మళ్లీ ఒకటి నుంచి.

ఒకసారి వర్ధన్నపేట వైపు రైతు ఒకాయన కిటికీ దగ్గర నిలబడి, అంకె పైకి పోయినప్పుడల్లా వేలు చూపించేవాడు.

“అగో, గా మీదిది రాయి.”

“అది బండి ఊగుడు కాకా. నీ బరువు కాదు.”

“ఊగితే ఊగనీ. ఊగింది నా వడ్లే గద.”

లైన్లో ఉన్నవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను. ఆ మాట తర్వాత చాలా రోజులకు మళ్లీ గుర్తొచ్చింది.

మాకు ఒక్కతే బిడ్డ. నర్సంపేట సంబంధం చేశాము. అల్లుడిది మడికొండలో కంప్యూటర్ ఉద్యోగం, అక్కడే కిరాయి ఇంట్లో ఉంటారు. పెళ్లయిన ఏడాదికి బిడ్డకు నెల తప్పింది. ఐదో నెలలో స్కానింగ్‌కు వెళ్తే, తీసే ఆవిడ మాట్లాడడం ఆపేసి స్క్రీను తన వైపు తిప్పుకుందట. గుండె కొట్టుకోవడం లేదు. ఎప్పుడు ఆగిందో ఎవరికీ తెలియదు. అంతకుముందు స్కానింగ్‌కూ దానికీ మధ్య ఐదు వారాలు. ఆ ఐదు వారాల్లో ఏదో ఒక రోజు. మా బిడ్డ ఆ సంగతి ఎప్పుడూ మాట్లాడలేదు.

రెండోసారి నిలిచినప్పుడు ఐదో నెల దాటేదాకా ఇంట్లో ఎవరం ఆ ఊసు గట్టిగా ఎత్తలేదు. దాటింది. ఏడో నెలలో కాన్పుకని తల్లిగారింటికి, అంటే మా ఇంటికి తీసుకొచ్చాము. వచ్చేటప్పుడు బట్టల సంచితో పాటు ఒక అట్టపెట్టె కూడా తెచ్చింది. అల్లుడు ఆన్‌లైన్లో తెప్పించిన మిషన్. అరచేతిలో పట్టేంత ఉంటుంది. దానికి తీగ, తీగ చివర సబ్బుబిళ్ల అంత గుండ్రటి మూతి. పొట్ట మీద జెల్ రాసి ఆ మూతి ఆనిస్తే లోపలి బిడ్డ గుండె చప్పుడు బయటికి వినిపిస్తుంది, చిన్న స్క్రీను మీద నిమిషానికి ఎన్నిసార్లో అంకె పడుతుంది.

“డాక్టర్‌ను అడిగినవా?” అన్నాను అల్లుడితో.

“అడిగిన మామా. అవసరం లేదన్నది. ఏమన్న అనుమానముంటే దవాఖానకే రమ్మన్నది.”

“మరి?”

“ఈమె నిద్రపోతలేదు మామా. ఇది పెట్టుకున్న రోజు పంటాంది.”

 నిజం చెప్పాలంటే, అంకె చూపించే వస్తువు ఇంట్లోకి రావడం నాకు బాగానే అనిపించింది.

మొదటిరోజు అల్లుడు చూపించాడు. ఎదిగిన బిడ్డ పొట్ట మీద మిషన్ పెట్టే చోట నేను ఉండలేను కదా. లోపలి గదిలో మంచం మీద బిడ్డ, పక్కన మా ఆవిడ, అల్లుడు. నేను ముందు గదిలో, గోడకు వీపు ఆనించి కుర్చీలో. తలుపు జానెడు తెరిచి ఉంది. మొదట గరగరమంది. తర్వాత వడ్లు తూర్పార పట్టినట్టు ఒక చప్పుడు. అది తల్లి రక్తం పారే చప్పుడని అల్లుడు చెప్పాడు. ఆ తర్వాత, ఉన్నట్టుండి, పిండి గిర్నిలో బెల్టు తిరిగినట్టు, ఆగకుండా, చాలా తొందరగా.

 కాసేపటికి మా ఆవిడ ముక్కు చీదుకోవడం వినిపించింది.

ఆదివారం సాయంత్రానికి అల్లుడు మడికొండ వెళ్లిపోయాడు. సోమవారం నుంచి పని మేము పంచుకున్నాము. మూతి పట్టుకోవడం, అంకె చదవడం మా ఆవిడ పని. గోడ ఇవతల కూర్చుని రాసుకోవడం నా పని. రాయడానికి కాంటా దగ్గర మిగిలిన పాత బుక్ ఒకటి తెచ్చాను. గీతలు కొట్టే పని ఉండదని. అందులో గడులు అచ్చు వేసి ఉంటాయి: బండి నంబరు, వచ్చిన టైము, పోయిన టైము, నిండు బరువు, ఖాళీ బరువు. బండి నంబరు గడిలో తేదీ వేశాను. వచ్చిన టైము అంటే మిషన్ ఆన్ చేసిన టైము, పోయిన టైము అంటే అంకె నిలబడిన టైము. నిండు బరువు గడిలో బిడ్డ గుండె. ఖాళీ బరువు గడిలో తల్లి నాడి.

తల్లి నాడి ఎందుకంటే, ఒక్కోసారి ఈ మిషన్ తల్లి గుండెనే పట్టుకుని అదే లోపలి బిడ్డదని చూపిస్తుందని అల్లుడు చెప్పాడు. అందుకని ప్రతిసారీ మా ఆవిడ మణికట్టు పట్టుకుని నాడి లెక్కపెట్టాలి, నేను ఇవతల గడియారం చూస్తూ నిమిషం చెప్పాలి. రెండు అంకెలు దూరంగా ఉంటే సరైన గుండె దొరికినట్టు. ఈ ఏర్పాటు నేనే చేశాను. చాలా గట్టి ఏర్పాటు అనుకున్నాను.

మా బిడ్డ ఆ బుక్ తీసుకుని చూసింది.

“ఏంది బాపూ, నేను ఖాళీ బండినా?”

“గడి అట్ల అచ్చై ఉన్నది బిడ్డా.”

“లోడు దిగినంక మళ్ల కాంటా పెడ్తవా నన్ను?”

“పెడ్తడు,” అంది మా ఆవిడ. “తేమ కోత గూడ తీస్తడు.”

ముగ్గురం నవ్వాము. పోయిన రెండేళ్లలో ఆ ఇంట్లో ఆ విషయం మీద వచ్చిన మొదటి నవ్వు అది.

పొద్దున ఆరూ నలభైకి ఒకసారి, సాయంత్రం ఆరూ నలభైకి ఒకసారి. మొదటి వారం మా ఆవిడ లోపలినుంచి పడ్డ అంకెలన్నీ చదివేది.

“నూట నలభై ఎనిమిది. యాభై రెండు. ముప్పై తొమ్మిది. మళ్ల నలభై ఐదు.”

“గవన్ని వద్దు. నిలబడ్డంక చెప్పు.”

“నిలబడ్తలేదు. ఉరుకుతాంది.”

“ఆగు, నిలబడ్తది. ఐదు లెక్కపెట్టు. ఐదుదాక మారకపోతే చెప్పు.”

“మారుతాంది.”

“మళ్ల మొదలుపెట్టు.”

“లారీ కాదయ్యా ఇది,” అనేది ఆమె. కానీ లెక్కపెట్టేది. నాలుగు నిమిషాలో, ఐదు నిమిషాలో పట్టేది. చివరికి ఎక్కడో ఒకచోట ఐదు సెకన్లు ఒకే అంకె ఉండేది. “నూట నలభై నాలుగు,” అనేది. రాసేవాడిని. డాక్టర్ ఫైల్లో నూట పది నుంచి నూట అరవై మధ్య ఉండాలని రాసి ఉంది. మధ్యలోనే ఉంది. తల్లి నాడి ఎనభై రెండు. దూరంగానే ఉంది. బుక్ మూసి పనికి వెళ్లేవాడిని.

బిడ్డ నిజంగానే నిద్రపోవడం మొదలుపెట్టింది. ముఖం తేటపడింది. వాడకట్టులో ఆడవాళ్లు వచ్చి చప్పుడు వినిపించమని అడిగితే వినిపించేది. ఒకావిడ విని, “గింత తొందరగ కొడ్తాందంటే పిల్లగాడే,” అంది. ఇంకొకావిడ అదే విని పిల్లే అని తేల్చింది. ఓడినవాళ్లు చీర కొనిపెట్టాలని ఇద్దరూ పందెం కట్టుకున్నారు. ఎవరికి కొనిపెట్టాలో మాత్రం తేలలేదు.

పత్తి సీజన్ వచ్చింది. బండ్లు ఎక్కువయ్యాయి. ఎనిమిదో నెల వెళ్లి తొమ్మిదో నెల పడింది. ఆ రోజుల్లోనే ఒక పొద్దున మా ఆవిడ లోపలినుంచి అంది:

“ఇయ్యాల పెట్టంగనే నిలబడ్డది.”

“నీ చెయ్యి అలవాటైంది,” అన్నాను.

నేను ఆమె పనిని మెచ్చుకోవడం తక్కువ. ఆ పూట టీలో చక్కెర కొంచెం ఎక్కువ పడింది. మరునాడు కూడా తొందరగానే నిలబడింది. ఆ మరునాడు కూడా. కొత్త కాంటా మొదట్లో తప్పులు చూపిస్తుంది, కొన్నాళ్లకు కుదురుకుంటుంది. ఇదీ కుదురుకుంది అనుకున్నాను. పనికి వెళ్లే ముందు నాలుగు నిమిషాలు మిగులుతున్నాయి, అదీ నాకు బాగానే ఉంది.

ఆ బుధవారం పొద్దున టీ తాగుతూ బిడ్డ అంది: “బాపూ, నిన్న పొద్దుమూకినప్పటిసంది కదులుడు తక్కువైంది.”

“ఎంత తక్కువ?”

“గట్ల లెక్కపెట్టలే. తక్కువైంది.”

“మిషన్ పెడుదాం.”

పెట్టారు. ఆరూ నలభై. మూతి ఆనించగానే గిర్ని చప్పుడు. నేను గడియారం చూసేలోపే మా ఆవిడ, “నూట ముప్పై ఎనిమిది. నిలబడే ఉన్నది,” అంది. నాడి లెక్కపెట్టించాను. ఎనభై నాలుగు. వచ్చిన టైము ఆరూ నలభై, పోయిన టైము ఆరూ నలభై. రాసి, తలుపు ఇవతలినుంచే చెప్పాను: “మంచిగున్నది బిడ్డా. ఫికర్ చెయ్యకు. తొమ్మిదో నెల గద, లోపల జాగ తక్కువై ఉంటది.”

ఆ చివరి మాట నేను ఎక్కడా చదివింది కాదు, ఎవరూ చెప్పింది కాదు. అంకె బాగుంది కాబట్టి, దానికి సరిపోయే కారణం నోట్లోంచి వచ్చేసింది.

పదకొండున్నరకు మా ఆవిడ ఫోన్ చేసింది. బల్ల మీద పత్తి లారీ ఉంది, వెనక తొమ్మిది బండ్లు.

“పొద్దుగాల్నుంచి రెండు మాట్లే కదిలిందంటాంది. తిన్నది. ఎడమ దిక్కు ఒరిగి పన్నది. అయినా అంతే.”

“మిషన్ పెట్టినవా?”

“పెట్టిన. గదే. నూట ముప్పై ఎనిమిది.”

“నాడి?”

“ఎనభై ఆరు.”

“మరింకేంది?”

 ఆమె నెమ్మదిగా అంది: “దవాఖానకు పోదామా అని.”

“శుక్రవారం ఎట్లాగు స్కానింగ్ ఉన్నది గద. సాయంత్రం నేనొచ్చినంక ఇంకోసారి చూద్దాం. అంకె మంచిగనే ఉన్నది.”

“నువ్వు అంకెతోని మాట్లాడుతానవు. నేను బిడ్డతోని మాట్లాడుతాన,” అని ఫోన్ పెట్టేసింది.

నేను లారీ బరువు రాశాను. ఆ తర్వాత తొమ్మిది బండ్లూ రాశాను. వాటిలో ఒక్క తప్పు కూడా లేదు. తర్వాత కాంటా బుక్ తీసి సరిచూసుకున్నాను.

పన్నెండూ యాభైకి ఫోన్ మళ్లీ మోగింది. ఈసారి మా బిడ్డే. పని టైములో ఆమె నాకు ఎప్పుడూ ఫోన్ చేయదు.

“బాపూ, ఆటో మాట్లాడిన. అమ్మ, నేను దవాఖానకు పోతానం. గిదే తొవ్వ గద, నువ్వు అస్తనంటె కాంటా కాడ ఆపుతం.”

“అంకె మంచిగనే ఉన్నది గద బిడ్డా.”

“మంచిగనే ఉన్నది. నేను కాదంటలేను.” ఆమె గొంతు మామూలుగానే ఉంది. “పోయినసారి గూడ నాకు తెలిసింది బాపూ. నాలుగు రోజుల ముందే తెలిసింది. అనుమానమని ఎవ్వలకు చెప్పలే. ఇప్పుడు చెప్తాన.”

రెండేళ్లలో ఆ సంగతి ఆమె నోట వినడం అదే మొదటిసారి. పోయిన బిడ్డ ఏ రోజు పోయిందో ఎవరికీ తెలియదని నేను అనుకుంటూ వచ్చాను. ఆమెకు తెలుసు.

బల్ల మీద ట్రాక్టర్ ఉంది. అంకె ఇంకా ఊగుతోంది. రాయకుండానే లేచాను. ఓనర్‌కు ఫోన్ చేసి మనిషిని పంపమని చెప్పి, కిటికీ మూసి రోడ్డు మీదికి వచ్చాను. ఒంటి గంటా ఐదుకు ఆటో వచ్చింది. ఎక్కాను. మా ఆవిడ సంచిలో నా బుక్ కూడా ఉంది. డాక్టర్ అడుగుతుందేమోనని తెచ్చానంది. బిడ్డ రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని కళ్లు మూసుకుని కూర్చుంది. ఆటో హనుమకొండ దవాఖాన దారి పట్టింది. ఒకచోట కళ్లు తెరవకుండానే, “ఒకటి,” అంది. చాలాసేపు ఎదురుచూశాను. రెండు అనలేదు.

దవాఖానలో పొట్టకు రెండు బెల్టులు కట్టారు. వాటి తీగలు ఒక పెద్ద మిషన్‌లోకి పోతాయి. దాని మీద ఎర్రగా అంకె, పక్కనుంచి గళ్ల కాగితం మెల్లగా బయటికి వస్తూ ఉంటుంది, దాని మీద సూది గీత గీస్తుంది. నన్ను తెర ఇవతల నిలబెట్టారు. అంకె మాత్రం కనిపిస్తోంది. నూట ముప్పై ఎనిమిది.

ముందు నాకు సంతోషం కలిగింది. నేను రాసిన అంకే, దవాఖాన పెద్ద మిషన్ కూడా అదే చెప్పింది అని. ఆ సంతోషం ఎంతసేపు ఉందో చెప్పలేను కానీ ఉంది. రాయకుండా వదిలేయడం సరి కాదు.

డాక్టరమ్మ వచ్చి అంకె వైపు చూడనే లేదు. కాగితం చేతిలోకి తీసుకుంది. బిడ్డకు చల్లటి నీళ్లు తాగించారు, పక్కకు తిప్పారు, పొట్ట దగ్గర ఏదో బుర్రుమనిపించారు. ఇంకో ఇరవై నిమిషాలు కాగితం నడిచింది. డాక్టరమ్మ బయటికి వచ్చి, కాగితం మా ఇద్దరి ముందు పట్టుకుంది. గీత స్కేలు పెట్టి కొట్టినట్టు ఉంది.

“కదలిక ఎప్పటినుంచి తక్కువైందండీ?”

“నిన్న పొద్దుమూకినప్పటిసంది,” అంది మా ఆవిడ.

“మరి పొద్దున్నే ఎందుకు రాలేదు?”

మా ఆవిడ నా వైపు చూడలేదు. నేనే చెప్పాను: “ఇంట్ల మిషన్ పెట్టి చూసినం మేడం. గిదే అంకె వచ్చింది. నిలకడగ ఉన్నది.”

ఆమె నన్ను ఒకసారి చూసి, గోడకు తగిలించి ఉన్న ఇంకో కాగితం తీసి చూపించింది. అది పక్క మంచం ఆవిడదట. గీత పంటి అంచులా పైకీ కిందికీ పోతోంది. మధ్యలో రెండుచోట్ల గుట్టలా లేచింది.

“ఇట్లా ఉండాలి. లోపల బిడ్డ కదిలితే గుండె పరుగెత్తాలి, తర్వాత తగ్గాలి. ఎప్పుడూ మారుతూ ఉండాలి. నిద్రపోతుందేమో అని లేపి చూశాం. లేవట్లేదు. గుండె నిలకడగా ఉండకూడదండీ.” కాగితం మడిచింది. “ఆ చిన్న మిషన్ గుండె ఉందని చెప్తుంది. బాగుందని చెప్పదు. ఆపరేషన్ చెయ్యాలి. ఇప్పుడే.”

అల్లుడు మడికొండ నుంచి బండి మీద వచ్చేసరికి బిడ్డను లోపలికి తీసుకుపోతున్నారు. సంతకం పెట్టి వచ్చి నా పక్కన బెంచీ మీద కూర్చున్నాడు. హెల్మెట్ తీయడం మర్చిపోయాడు.

“నేనే కొన్న గద మామా ఆ మిషన్.”

“కొన్నది నువ్వు. చదివింది నేను.”

కాసేపటికి నేనే అతని హెల్మెట్ పట్టీ విప్పాను.

అల్లుడు, మా ఆవిడ ఆపరేషన్ గది తలుపు దగ్గరికి వెళ్లి నిలబడ్డారు. నేను బుక్ తీశాను. చేతులకు వేరే పని తెలియదు. రోజుకు రెండు వరుసలు, తొమ్మిది వారాలు. నిండు బరువు గడి కింది నుంచి పైకి చూశాను. 138, 138, 139, 138, 140. ఇంకా పైకి పోతే 144, 146, 141. అన్నీ హద్దులోనే. నేను రోజూ చూసింది ఆ గడి, దాని పక్క గడి. ముందున్న రెండు గడులు అలవాటుగా నింపాను తప్ప వాటిని ఎప్పుడూ చదవలేదు. వచ్చిన టైము, పోయిన టైము. వాటి తేడా ఏ ఒక్క రోజూ తీయలేదు. ఇరవై రెండేళ్లుగా తీసివేతలు చేస్తున్న మనిషిని.

బెంచీ మీద కూర్చుని తీశాను. మొదటి వారాల్లో ఐదు నిమిషాలు, నాలుగు, ఐదు, ఆరు. మధ్యలో మూడు. ఒకటి రెండు చోట్ల మళ్లీ నాలుగు. చివరి ఎనిమిది రోజులు ఒకటి, ఒకటి, సున్నా, ఒకటి, సున్నా. ఆ పొద్దున సున్నా. అంకె నిలబడడానికి పట్టే సమయం తగ్గుతూ వచ్చింది. అంటే ఊగడం తగ్గుతూ వచ్చింది. మా ఆవిడ చెయ్యి అలవాటు పడడం కాదు అది. ఊగింది నా వడ్లే గద అన్న రైతు అప్పుడు గుర్తొచ్చాడు.

ఉరికే అంకెలు ఎంతవరకు ఉరికేవో, ఎప్పటినుంచి తగ్గాయో బుక్‌లో లేదు. ఆమె చదివితే వద్దన్నాను.

ఆడపిల్ల. ఏడ్వడానికి ఆలస్యమైంది. ఎంత ఆలస్యమో లోపలున్న మా బిడ్డకు తెలుసు, మాకు చెప్పలేదు. బట్టలో చుట్టి మా ముందునుంచే పసిపిల్లల వార్డులోకి తీసుకుపోయారు. ముఖం అరచేతిలో సగం ఉంది. నర్సు ఆగి అల్లుడికి ఏదో చెప్పింది. బరువు ఎంత అని నేను అడగలేదు. వాడకట్టు ఆవిడల పందెం సంగతి మా ఆవిడకు గుర్తొచ్చినట్టుంది, ఏదో అనబోయి మానేసింది.

రెండు రోజులు ఏమీ చెప్పలేమన్నారు. మూడోరోజు డాక్టరమ్మ వరండాలో కనిపిస్తే బుక్ చూపించాను. టైముల తేడాలు పెన్సిల్‌తో పక్కన వేసుకుని ఉంచాను. ఆమె నిలబడే రెండు పేజీలు తిప్పింది.

“దీన్ని బట్టి ఏమీ చెప్పలేమండీ. ఆ మిషన్ దానికోసం చేసింది కాదు. కదలిక తగ్గితే రావాలి, అంతే. మీ అమ్మాయి వచ్చింది కదా.”

“పొద్దుగాలనే వస్తే?”

“అది కూడా చెప్పలేం,” అంది. బుక్ నా చేతిలో పెట్టి వెళ్లింది. ఓదార్చడానికి అన్నట్టు లేదు. తెలియనిది తెలియదని చెప్పింది.

మా బిడ్డ నన్ను ఆ పొద్దుట సంగతి ఏమీ అడగలేదు. మూడోరోజు సాయంత్రం కొంచెం లేచి కూర్చున్నప్పుడు మాత్రం అంది: “బాపూ, బుక్‌ల ఎన్ని గంటలకు రాసినవు, నేను నీకు చెప్పింది?”

“ఆరూ నలభై.”

“ఆటో ఎక్కింది?”

“ఒంటి గంటా ఐదు. కాంటా కాడ.”

ఆమె లెక్క కట్టలేదు. నేను అప్పటికే కట్టి ఉన్నాను. ఆరు గంటల ఇరవై ఐదు నిమిషాలు.

“నేను గూడ పొద్దుగాల నీ అంకె నమ్మిన,” అంది. మళ్లీ తనే, “నమ్మాలని ఉండె,” అంది. తర్వాత పక్కకు తిరిగి పడుకుంది.

పసిపిల్లల వార్డుకు బయటి గోడలో ఒక సన్నటి అద్దం ఉంది. సాయంత్రం ఐదు నుంచి అరగంట తెర తీస్తారు. ఒకరి తర్వాత ఒకరు నిలబడి చూడాలి. నాలుగోరోజు మా వంతు వచ్చినప్పుడు మా ఆవిడ ముందు నిలబడింది, నేను ఆమె వెనక. నాకు ఆమె కొంగు, అద్దం అంచు తప్ప ఏమీ కనిపించలేదు. లోపల పిల్ల పెట్టె పక్కన స్క్రీను ఉంటుంది, దాని మీద గుండె అంకె. తొమ్మిది వారాల అలవాటు కొద్దీ ఆమె చదవడం మొదలుపెట్టింది.

“నూట నలభై ఆరు. యాభై ఒకటి. నలభై రెండు.” అద్దానికి ఇంకా దగ్గరగా జరిగింది. “నిలబడ్తలేదు. కాలు ఆడిస్తాంది. నూట అరవై. జర ఆగు, నిలబడ్డంక చెప్తా.”

“వద్దు,” అన్నాను. “పడ్డయన్ని చెప్పు.”

ఆమె వెనక్కి తిరిగి నా ముఖం చూసింది. మళ్లీ అద్దం వైపు తిరిగి చెప్పింది. నేను బుక్ తెరిచి, గడులు పట్టించుకోకుండా, వరసగా రాసుకుంటూ పోయాను. నూట యాభై నాలుగు. నలభై తొమ్మిది. యాభై ఎనిమిది. నలభై మూడు. వెనకాల నిలబడ్డ ఒకాయన మా వంతు అయిపోయిందని భుజం తట్టేదాకా.